శనివారం సాయంత్రాలు బరువైపోయాయి. పిల్లలను నడిపించేవాళ్లు మీ అనుభవం చెప్పండి

హన్మకొండ అక్క | శనివారం, రాత్రి 10:40

అందరికీ వందనాలు. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదటిసారి.

మా చర్చి సంఘంలో ఆడపిల్లల కూడిక నేను చూస్తాను. ఏడేళ్లు అవుతోంది. ముగ్గురితో మొదలైంది, ఇప్పుడు పద్నాలుగు మంది. ఇంటర్ పిల్లలు, డిగ్రీ పిల్లలు, నర్సింగ్ చదివేవాళ్లు ఇద్దరు. ప్రతి శనివారం ఐదింటికి సుబేదారిలో మా ఇంటి మేడ మీద కూర్చుంటాం. పాఠం నేనే తయారు చేస్తాను, పాటలు నేనే ఎంచుతాను, చాయ్ నేనే పెడతాను. ఎవరికి పరీక్ష ఉన్నా, ఎవరింట్లో గొడవైనా ఫోన్ నాకే వస్తుంది.

మొదట్లో శనివారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు శుక్రవారం ఆఫీసు నుంచి బయల్దేరుతుంటేనే టెన్షన్ పట్టుకుంటోంది. ఈ ఏడాది గుడ్ ఫ్రైడేకి పాస్టర్ గారు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో మూడు మా పిల్లలకు ఇచ్చారు. ఆ మూడు ప్రసంగాలూ నేనే రాసిచ్చాను. వాళ్లు కాగితం చూసి చదివి దిగారు. అందరూ మెచ్చుకున్నారు. ఇంటికి వచ్చాక నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

ఇంకో సంగతి. మూడేళ్లు నా వెంట తిరిగిన ఒక అమ్మాయి, సొంత చెల్లెలి లెక్క ఉండేది, జూన్ నుంచి రావడం మానేసింది. మా మధ్య మాటామాటా ఏమీ లేదు. ఫోన్ చేస్తే "వస్తానక్కా" అంటుంది. రాదు. పద్నాలుగు మంది ఎదురుగా కూర్చున్నా నా కళ్లు ఆమె కూర్చునే చోటికే పోతున్నాయి.

ఈ పనిలో సంతోషం ఉండాలా, లేక మోయడమేనా? మీకు సంతోషం దొరికితే అది ఎక్కడ దొరికిందో చెప్పండి. ప్రసంగం వద్దు, మీకు జరిగింది రాయండి.

మిర్చి యార్డ్ అన్న | ఆదివారం, మధ్యాహ్నం 2:15

వందనాలక్కా. నేను ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం గుమస్తాను. పెద్ద చదువు లేదు. నాకు జరిగిందే రాస్తా.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు మా సంఘ పెద్ద ఒకాయన నన్ను పట్టుకున్నాడు. ఆయన కాంటా దగ్గర పనిచేసేవాడు. "వచ్చే సోమవారం పొద్దుగాల నాతో రా" అన్నాడు. ఎక్కడికో చెప్పలేదు. పోతే ఎంజీఎం ఆస్పత్రి. వార్డుల బయట రోగుల వెంట వచ్చినవాళ్లు పడుకుని ఉంటారు కదా, వాళ్లకు వేడి నీళ్లు, గంజి పోసేవాడు. నాకు గ్లాసులు కడిగే పని ఇచ్చాడు. అంతే. ఆరు నెలలు గ్లాసులే కడిగాను.

ఆయన ఎవరినైనా మొదట అడిగే మాట "తిన్నారా?". రెండో మాట "ఏ ఊరు?". ఏటూరునాగారం అంటే అక్కడి వానల సంగతి, పరకాల అంటే పత్తి సంగతి. వాళ్లంతట వాళ్లు "మీరు ప్రార్థన చేస్తారా?" అని అడిగితేనే చేసేవాడు. రెండు నిమిషాలు, ఆ మనిషి పేరుతో, ఆ మనిషి ఊరితో. ప్రార్థన ఎట్లా చేయాలో నాకు ఎవరూ నేర్పలేదక్కా. ఆయన పక్కన గ్లాసు పట్టుకుని నిలబడి విన్నాను.

ఒక సోమవారం ఆయనకు జ్వరం. నేనొక్కడినే పోయాను. ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని "నువ్వన్నా చెయ్యి బిడ్డా" అంది. నోరు తెరిస్తే ఆయన మాటలే వచ్చాయి, గొంతు మాత్రం నాది. సాయంత్రం ఆయన మంచం పక్కన కూర్చుని ఇది చెప్తే, జ్వరంలోనే లేచి కూర్చున్నాడు. ఆ ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. సంతోషం ఎక్కడ దొరుకుతుంది అని అడిగారు కాబట్టి రాస్తున్నా. ఆయనకు ఆ రోజు దొరికింది. ఆయన చేయని ప్రార్థన వల్ల.

కాజీపేట రైల్వే అంకుల్ | ఆదివారం, సాయంత్రం 4:50

అమ్మా, నిర్గమకాండం 18వ అధ్యాయం ఒకసారి నిదానంగా చదువు. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని అందరి తగవులు తీరుస్తుంటే మామ యిత్రో చూశాడు. నువ్వు చేసేది మంచి పని కాదు, నువ్వూ నలిగిపోతావు, ఈ జనమూ నలిగిపోతారు అన్నాడు. నాకు ఆ రెండో ముక్క ముఖ్యం. ఒక్కరే మోస్తే జనం కూడా నలిగిపోతారట. పద్నాలుగు మందికి ఒక్కదానివే చాయ్ పెడుతున్నావంటే నీ ఒంటికే కాదు, ఆ పిల్లలకూ మంచిది కాదు.

నర్సంపేట టీచర్ | ఆదివారం, రాత్రి 8:05

అక్కా, ప్రసంగం వద్దన్నారు గానీ ఒక మనిషి కథ చెప్పకుండా ఉండలేను. బర్నబా. నేను సండే స్కూల్ చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్లు దాటింది, ఆయన దగ్గరికే మళ్లీ మళ్లీ వస్తాను.

విశ్వాసులను హింసించిన సౌలు (తరువాత పౌలు అన్నది ఈయననే) మారాడంటే యెరూషలేములో ఎవరూ నమ్మలేదు, అందరికీ భయం. చెయ్యి పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లింది బర్నబా. తరువాత అంతియొకయలో కొత్త సంఘం పుట్టిందని తెలిసి పెద్దలు బర్నబాను పంపారు. అపొస్తలుల కార్యములు 11:23 చూడండి. ఆయన వెళ్లి దేవుని కృపను చూసి సంతోషించాడు అని ఉంటుంది. అది ఆయన మొదలుపెట్టిన పని కాదు. పేర్లు కూడా తెలియని ఎవరో విశ్వాసులు చెదిరిపోయి వచ్చి అక్కడ సువార్త చెప్పారు. వేరేవాళ్ల చేతుల్లో జరిగిన పనిని చూసి సంతోషపడటం ఆయనకు చేతనయింది.

వెంటనే ఏం చేశాడు? పని పెద్దదని చూసి తార్సుకు వెళ్లి సౌలును వెదికి పట్టుకొచ్చాడు. ఏడాది పాటు ఇద్దరూ కలిసి బోధించారు. శిష్యులకు క్రైస్తవులు అనే పేరు మొదట వచ్చింది ఆ ఊరిలోనే.

పేర్ల వరస కూడా గమనించండి. మొదట్లో "బర్నబాయు సౌలును". 13వ అధ్యాయం సగానికి వచ్చేసరికి "పౌలును బర్నబాయు" అవుతుంది. తరువాత రెండు మూడు చోట్ల మళ్లీ తిరగబడినా, ముందుకు వచ్చిన పేరు పౌలుదే. తాను వెదికి తెచ్చినవాడు తనకన్నా ముందుకు పోయాడు. బర్నబా దాని గురించి ఒక్క మాట అన్నట్టు ఎక్కడా లేదు.

మీ దగ్గరికి రావడం మానేసిన అమ్మాయి గురించి చదివినప్పుడు మార్కు గుర్తొచ్చాడు. బర్నబా, పౌలుల మొదటి సువార్త ప్రయాణంలో వాళ్లను సగంలో వదిలేసి ఇంటికి పోయాడు. మళ్లీ తీసుకుపోదామని బర్నబా, వద్దని పౌలు. ఇద్దరూ విడిపోయేంత తీవ్రమైన వాదం. బర్నబా మార్కును వెంటబెట్టుకుని కుప్రకు ఓడ ఎక్కాడు. ఆ తరువాత వాళ్ల ప్రయాణం ఎలా సాగిందో లూకా రాయలేదు. కానీ చివరి రోజుల్లో పౌలే తిమోతికి రాస్తాడు, మార్కును వెంటబెట్టుకుని రా, పరిచర్యకు నాకు పనికొస్తాడు అని. ఆ మధ్య ఏళ్లలో ఏం జరిగిందో బర్నబాకే తెలియాలి.

జమ్మికుంట బ్రదర్ | ఆదివారం, రాత్రి 9:30

అందరికీ ప్రైజ్ ద లార్డ్. కొంచెం వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోవద్దు.

గ్లాసులు కడగడం, చాయ్ పెట్టడం మంచివే. కానీ ఈ రోజుల్లో పిల్లలతో కలిసి తిరగడమే శిష్యత్వం అయిపోయింది. టూర్లు, ఫోటోలు, బిర్యానీ. వాక్యం అడిగితే పది వచనాలు నోటికి రావు. 2 తిమోతి 2:2లో పౌలు విన్న సంగతులను అప్పగించమన్నాడు. పౌలు తిమోతికి, తిమోతి నమ్మకమైన మనుషులకు, వాళ్లు ఇతరులకు. నాలుగు తరాలు ఒక్క వచనంలో. అప్పగించడానికి సంగతి ఉండాలి కదా! అక్క పాఠం కష్టపడి తయారు చేస్తోంది, దయచేసి అది మానవద్దు. సంతోషం వచ్చినా రాకపోయినా విత్తేవాడు విత్తాలి.

నర్సంపేట టీచర్ | ఆదివారం, రాత్రి 10:10

బ్రదర్, మీ బాధ నాకు అర్థమైంది. నోటికి వచనాలు రాని పిల్లలను చూసి నేనూ బాధపడతాను. పాఠం మానమని ఎవరూ అనలేదు. కానీ మార్కు 3:14 చూడండి. యేసు పన్నెండు మందిని ఎందుకు ఏర్పరచుకున్నాడంటే, మొదట తనతో ఉండటానికి, తరువాత ప్రకటించడానికి పంపడానికి. "తనతో ఉండటం" ముందు వచ్చింది. థెస్సలొనీకయులకు రాస్తూ పౌలు కూడా సువార్త ఒక్కటే కాదు, మా ప్రాణాలు కూడా మీకు ఇవ్వడానికి సిద్ధపడ్డాం అంటాడు. రెండూ ఒకే వచనంలో ఉన్నాయి, మొదటి పత్రిక 2:8.

జమ్మికుంట బ్రదర్ | ఆదివారం, రాత్రి 10:25

ఒప్పుకుంటాను. "తనతో ఉండటానికి" అన్న మాట చాలాసార్లు చదివి దాటిపోయాను.

పేరు వద్దు | సోమవారం, రాత్రి 11:50

నేను ఇక్కడ చదువుకుంటున్నాను, మా ఊరు వేరే. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఇక్కడ అందరూ నడిపించేవాళ్లే మాట్లాడుతున్నారు. నడిపించబడిన మనిషిగా నేను మాట్లాడతాను.

డిగ్రీలో ఉన్నప్పుడు నన్ను ఒక పెద్ద మనిషి నడిపించారు. మొదటి ఏడాది చాలా బాగుండేది. తరువాత నేను ఎవరితో మాట్లాడాలి, ఏ పరీక్ష రాయాలి, సెలవులకు ఇంటికి ఎప్పుడు పోవాలి, అన్నీ ఆయన్ను అడిగి చేయాల్సి వచ్చింది. అడగకపోతే "లోబడే మనసు లేదు" అనేవారు. ఒకసారి మా ఇంటి విషయం ఒకటి ఏడుస్తూ ఆయనకు చెప్పుకున్నాను. ఆ ఆదివారమే అది ప్రార్థన అంశంగా అందరి ముందు వచ్చింది. పేరు చెప్పలేదు. కానీ అందరూ నా వైపు చూశారు.

తరువాత రెండేళ్లు నేను ఏ సంఘానికీ వెళ్లలేదు. దేవుని మీద కోపం లేదు, తలుపు దాటి లోపలికి అడుగు పడేది కాదు, అంతే.

అక్కా, మీ అమ్మాయి ఎందుకు మానేసిందో నాకు తెలియదు. మీరు అలాంటివారు అని కూడా అనడం లేదు. కానీ "నా సొంత చెల్లెలి లెక్క" అన్న మాట చదివినప్పుడు ఒక్క క్షణం భయమేసింది. నేను ఆయనకు సొంత తమ్ముడి లెక్క ఉండేవాడిని.

వేదిక నిర్వాహకులు | మంగళవారం, ఉదయం 7:20

తమ్ముడూ, రాసినందుకు చాలా థాంక్స్. సభ్యులకు ఒక విన్నపం: ఆ ఊరు, ఆ సంఘం ఏదని ఎవరూ అడగవద్దు, ఊహించి రాయవద్దు.

కాజీపేట రైల్వే అంకుల్ | మంగళవారం, ఉదయం 8:00

బిడ్డా, నీకు జరిగింది తప్పు. నడిపించే వయసులో ఉన్న మనిషిగా నేను నీకు క్షమాపణ చెప్తున్నాను.

అపొస్తలుల కార్యములు 18లో అపొల్లో కథ ఉంది. పెద్ద పండితుడు, సమాజమందిరంలో ధైర్యంగా మాట్లాడుతున్నాడు, కానీ అతనికి కొంతే తెలుసు. అకుల, ప్రిస్కిల్ల అది విన్నారు. అందరి ముందు లేచి తప్పు పట్టలేదు. తమతో చేర్చుకుని మార్గం ఇంకా పూర్తిగా వివరించారు. ఆ తరువాత అతను అకయకు పోతానంటే ఎవరూ ఆపలేదు, అతన్ని చేర్చుకోమని సహోదరులు అక్కడి శిష్యులకు ఉత్తరం రాశారు. అకుల, ప్రిస్కిల్ల భార్యాభర్తలు, ఇద్దరూ కలిసి అతనికి వివరించారు, అదీ గమనించు.

మా దగ్గర యూత్‌తో పనిచేసేవాళ్లకు నాలుగు పద్ధతులు పెట్టుకున్నాం. ఎవరూ ఒక్కరే నడిపించరు, ఇద్దరు పెద్దవాళ్లు ఉంటారు. ఆడపిల్లలతో ఆడవాళ్లే. మాట్లాడుకోవడం నలుగురికీ కనబడే చోట. చెప్పుకున్న మాట వాళ్ల అనుమతి లేకుండా ప్రార్థనలో కూడా బయటికి రాదు, ప్రాణానికి ముప్పు ఉంటే తప్ప. ఇవి పెట్టుకున్నాక నడిపించేవాళ్ల మనసు కూడా తేలికైంది. ప్రభువు పన్నెండు మందినీ, డెబ్బది మందినీ ఇద్దరిద్దరినే పంపాడు.

హన్మకొండ అక్క | మంగళవారం, రాత్రి 9:15

తమ్ముడూ, నువ్వు రాసింది చదివి నిన్న రాత్రంతా నిద్ర పట్టలేదు. నీ మీద కోపంతో కాదు. నేను ఆ అమ్మాయికి ఏ కోర్సు తీసుకోవాలో చెప్పాను. వాళ్లమ్మతో కూడా మాట్లాడాను, ఆమెను అడగకుండా. మంచి మనసుతోనే చేశాను. కానీ అడగకుండా చేశాను.

ఈ రోజు ఆమెకు మెసేజ్ పెట్టాను. రమ్మని పెట్టలేదు. "నీ చదువు విషయంలో నిన్ను అడగకుండా మీ అమ్మతో మాట్లాడాను, అది తప్పు, క్షమించు" అని మాత్రమే. చూసినట్టు నీలం టిక్కులు వచ్చాయి. జవాబు రాలేదు. ఫర్వాలేదు.

డోర్నకల్ మనవడు | బుధవారం, ఉదయం 6:30

డ్యూటీకి వెళ్లే రైలులో రాస్తున్నాను. కాజీపేట నుంచి విజయవాడ లైనులో మా ఊరి స్టేషన్ వస్తుంది. మా తాత చిన్నప్పుడు బిషప్ అజరయ్య గారిని చూశాడు, అందుకే ఈ కథ మా ఇంట్లో అన్నంతోపాటు పెరిగింది.

వి. ఎస్. అజరయ్య గారిది తిరునెల్వేలి ప్రాంతం, తమిళులు. 1903లో అక్కడి క్రైస్తవులే తమ డబ్బుతో ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు, డోర్నకల్ ప్రాంతాన్ని పనికి ఎంచుకున్నారు. 1909లో ఆయనే ఇక్కడికి వచ్చి, మన తెలుగు నేర్చుకుని మన మధ్య కాపురం పెట్టారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి 1న చనిపోయేదాకా డోర్నకలే ఆయన ఊరు. 1939లో ప్రతిష్ఠించిన కథీడ్రల్ చూడండి, గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, క్రైస్తవ ప్రార్థన, అన్నీ ఒక్కచోట ఇమిడి ఉంటాయి.

నేను చెప్పాలనుకున్నది 1910 సంగతి. ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. తెల్లవాళ్ల దేశం, తెల్లవాళ్ల సభ. ఆయన లేచి, మీరు మా కోసం ఎంతో త్యాగం చేశారు, మీ ఆస్తిని పేదలకు పెట్టారు, మీ శరీరాలను అప్పగించారు, మా సంఘం మీకు రుణపడి ఉంటుంది, కానీ మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. సభలో కొందరికి నచ్చలేదు. ఆ మాట మాత్రం వందేళ్లు దాటినా నిలిచింది.

అక్కా, "పేరు వద్దు" తమ్ముడు రాసింది చదివితే నాకు ఆ సభే గుర్తొచ్చింది. ఇచ్చేవాళ్లు ఎక్కువమంది ఉన్నారు. పక్కన కూర్చునేవాళ్లు కావాలి.

ఇంకొకటి మా నానమ్మ చెప్పేది. ఊళ్లలో పనిచేసే ఉపదేశకుల భార్యలకు అజరయ్య గారి భార్య అన్బు అమ్మగారు చదువు, పరిచర్య నేర్పేవారట. మగవాళ్ల పేర్లే పుస్తకాల్లో ఉంటాయి, నేర్పిన ఆడవాళ్లు మన నానమ్మల మాటల్లో ఉన్నారు.

ఫాతిమానగర్ టీచరమ్మ | బుధవారం, మధ్యాహ్నం 3:40

నేను కథోలిక సంఘం. మా ఓరుగల్లు మేత్రాసనం (బిషప్ గారి పరిధి) 1952లో ఏర్పడింది, ఫాతిమామాత దేవాలయం పక్కన మా ఇల్లు. మీ మాటల్లో కొన్ని మాకు కొత్త, కానీ విషయం ఒక్కటే.

మాలో జ్ఞానస్నానానికి జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి ఉంటారు. చాలామంది ఆ రోజు చీర పెట్టి, ఫోటో దిగి, అంతటితో వదిలేస్తారు. మా జ్ఞానతల్లి అలా వదల్లేదు. నా పెళ్లయి మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు, అత్తగారింట్లో ఎవరితోనూ మాట్లాడలేక ఏడుస్తుంటే, ఆమె వచ్చి మూడు రోజులు ఉంది. సలహా ఒక్కటి కూడా ఇవ్వలేదు. నాతోపాటు పప్పు ఏరింది, కూరగాయలు తరిగింది, రాత్రి జపమాల చెప్పుకున్నాం.

అప్పటినుంచి యేసు తల్లి మరియమ్మ తన బంధువు ఎలిజబెతమ్మ దగ్గరికి వెళ్లిన ఘట్టం చదివితే ఆ వంటగదే కనబడుతుంది. ఒకరు పెద్దావిడ, ఒకరు చిన్న పిల్ల. చిన్నది పెద్దదానికి సాయం చేయడానికి కొండ ఎక్కి వెళ్లింది. పెద్దది చిన్నదాన్ని ధన్యురాలివి అంది. మూడు నెలలు కలిసి ఉన్నారు. ఎవరు ఎవరికి నేర్పారో చెప్పలేం. గర్భంలోని శిశువు కూడా ఆనందంతో గంతులు వేసింది అని లూకా రాశాడు కదా.

సింగరేణి తాత | గురువారం, ఉదయం 5:10

నాకు తెల్లారగట్లే మెలకువ వస్తుంది, బొగ్గు బాయి అలవాటు పోలేదు. ముప్పై నాలుగేళ్లు అండర్‌గ్రౌండ్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. భూపాలపల్లిలో ఉంటాను.

బాయిలోకి కొత్తగా దిగిన మనిషిని ఒంటరిగా వదలరు. ట్రైనింగ్‌లో అన్నీ చెప్తారు, కానీ లోపల పాత మనిషి పక్కనే ఉండాలి. పై కప్పును కర్రతో కొట్టి వినాలి. గట్టి పొర అయితే ఖణేల్ మంటుంది, వదులైన పొర అయితే డొల్ల శబ్దం వస్తుంది. ఇది మాటలతో చెప్తే రాదు. పాత మనిషి కొడతాడు, కొత్తవాడు వింటాడు. తరువాత కొత్తవాడు కొడతాడు, పాత మనిషి వింటాడు. ఒక రోజు కొత్తవాడు "అన్నా, ఇటు రావద్దు" అని నిన్నే ఆపుతాడు. నన్ను అట్లా ఒక పిల్లవాడు ఆపాడు. అరగంటకు అక్కడ బండ రాలింది. నేను నేర్పిన చెవే నా ప్రాణం కాపాడింది.

సంఘంలో కూడా నేను అట్లాగే చేశాను. రోగులను చూడటానికి పోతే ఒక పిల్లవాడిని వెంట తీసుకుపోయేవాణ్ణి. ఇరవై ముప్పై మంది అట్లా తిరిగారు నాతో. నిరుడు నాకు మోకాలు ఆపరేషన్ అయితే వాళ్లలో ఒకడు పెద్దపల్లి నుంచి వచ్చాడు. మంచం పక్కన కూర్చుని ముందు "తాతా, తిన్నవా?" అన్నాడు. మిర్చి యార్డ్ బిడ్డ రాసింది చదివి నాకు కళ్లు తడిశాయి. అడిగే మాట ఒకటే ఉన్నది చూడండి, ఎక్కడివాళ్లకైనా.

నాతో తిరిగినవాళ్లలో ఒకడు తాగుడులో పడి పోయాడు. పదకొండేళ్లు. తిరిగి రాలేదు. వాడి పేరు నేను ప్రతి పొద్దున అంటాను. వాడి కోసం ఏడ్చిన రోజుల్లో కూడా వాడిని వెంట తీసుకుపోయినందుకు బాధపడలేదు. కలిసి తిరిగిన రోజులు నిజమే కదా!

బిడ్డా, నీకు ఒక్కటే చెప్తా. కర్ర వాళ్ల చేతికి ఇయ్యి.

ఇంటర్ సెకండియర్ | గురువారం, సాయంత్రం 6:20

నేను ములుగు రోడ్ వైపు ఉంటాను. హన్మకొండ అక్క వాళ్ల కూడిక కాదు, వేరే. మా అక్క మాకు చాలా పాఠాలు చెప్పింది, నిజం చెప్పాలంటే ఎక్కువ గుర్తు లేవు. క్షమించండి.

గుర్తున్నది ఒకటి. సెమీ క్రిస్మస్‌కి (క్రిస్మస్ ముందు చేసుకునే వేడుక) వంద మందికి సర్వపిండి చేయాల్సి వచ్చింది. అక్కకు పిండి కలపడం సరిగ్గా రాలేదు. మా అమ్మ దగ్గర నేను నేర్చుకున్నాను కాబట్టి అక్కకు నేను చూపించాను. గిన్నెకు ఎంత మందం అద్దాలి, వేలితో చిల్లులు ఎక్కడ పెట్టాలి. అక్క "నువ్వే నాకు టీచర్‌వి" అంది అందరి ముందు. ఆ రోజు పొయ్యి దగ్గర కూర్చుని అక్క వాళ్ల నాన్న చనిపోయినప్పుడు తనకు ప్రార్థన రాలేదని, ఆరు నెలలు ఊరికే కూర్చునేదాన్నని చెప్పింది. అక్కకు కూడా అలా ఉంటుందని నాకు తెలియదు. మా ఇంట్లో విషయం నేను అప్పుడే మొదటిసారి ఎవరికైనా చెప్పాను.

హన్మకొండ అక్క | మూడు వారాల తరువాత, ఆదివారం, రాత్రి 9:50

అందరికీ వందనాలు. చాలామంది ప్రైవేటుగా అడిగారు, ఏమైందక్కా అని. కాస్త పెద్దగా రాస్తాను.

ఆ శనివారం పిల్లలతో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "నేను అలసిపోయాను. మీకు పని ఇవ్వకుండా మీ పని కూడా నేనే చేశాను." ఎవరూ మాట్లాడలేదు కాసేపు. తరువాత నర్సింగ్ చదివే అమ్మాయి, "అక్కా, గుడ్ ఫ్రైడేకి నేనొక మాట రాసుకున్నాను, మీరు రాసిచ్చారని చూపించలేదు" అంది. నాకు గుండె కలుక్కుమంది. ఆ కాగితం ఇంకా ఆమె బైబిల్లో ఉంది. "దప్పిగొనుచున్నాను" అన్న మాట మీద, వార్డులో రాత్రి నీళ్లు అడిగిన ఒక పేషెంట్ గురించి రాసుకుంది. నేను రాసిచ్చినదానికన్నా ఎంతో బాగుంది.

వర్ధన్నపేట దగ్గర ఒక ఊళ్లో, మా సంఘంలో చాలా ఏళ్లు బైబిల్ ఉమన్‌గా (ఆడవాళ్లకు బైబిల్ చెప్పే పరిచారకురాలిగా) పనిచేసిన ముసలమ్మ ఒక్కతే ఉంటుంది. క్రిస్మస్ ముందు ఆమె ఇంటికి సున్నం వేద్దామని పిల్లలే అన్నారు. తొమ్మిది మంది వచ్చారు. కాజీపేట అంకుల్ చెప్పినట్టు నాతోపాటు ఇంకో అక్కను తోడు తీసుకున్నాను. బస్సు చార్జీలు, సున్నం, కుంచెలు, అన్నం, అన్నీ పిల్లలే చూసుకున్నారు. అన్నీ సవ్యంగా జరగలేదు. ఇద్దరు ఒక కుంచె కోసం గొడవపడి బకెట్ తన్నేశారు, సగం సున్నం వాకిట్లో పోయింది. ఒకామె అలిగి గంటసేపు వేపచెట్టు కింద కూర్చుంది. పాత అలవాటుకి లేచి సర్దబోయాను, తోడు వచ్చిన అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. పదిహేను నిమిషాలకు వాళ్లే సర్దుకున్నారు.

మధ్యాహ్నం నేను వాకిట్లో గిన్నెలు కడుగుతున్నాను. లోపలి నుంచి గొంతు వినిపించింది. ఏడేళ్లలో నా మేడ మీద ఒక్కసారి కూడా నోరు తెరిచి ప్రార్థన చేయని అమ్మాయి. ముసలమ్మకు కళ్లు ఆనవు కాబట్టి 121వ కీర్తన చదివి వినిపిస్తోంది. ముసలమ్మ చూడకుండానే తప్పులు దిద్దుతోంది, "అట్లా కాదు బిడ్డా, కునుకడు అనాలి" అని. మళ్లీ చదివింది. తరువాత ఆ అమ్మాయి ఆమె చేయి పట్టుకుని ప్రార్థన చేసింది. చిన్న ప్రార్థన. ముసలమ్మ కొడుకు పేరుతో, ఆమె కళ్ల కోసం, ఆ ఇంటి పైకప్పు కోసం. నేను నేర్పింది కాదు, నేను ఏర్పాటు చేసింది కాదు. చేతికి సబ్బు ఉండగానే గోడకు ఆనుకుని నిలబడిపోయాను. నర్సంపేట టీచర్ గారూ, బర్నబా చూసి సంతోషించాడు అన్నారే, ఆయన చూసింది ఏమిటో ఆ వాకిట్లో నాకు తెలిసింది.

మానేసిన అమ్మాయి రాలేదు. కానీ ఎవరో పెట్టిన ఫోటో చూసి నాకు మెసేజ్ పెట్టింది: "అక్కా, ఆ అమ్మమ్మ బాగుందా?" బాగుంది అని రాశాను. అంతకుమించి ఏమీ రాయలేదు. రాయాలని చాలా అనిపించింది.

జమ్మికుంట బ్రదర్, పాఠం మానలేదు. ఇప్పుడు ఇద్దరిద్దరు పిల్లలు తయారు చేసుకుని వస్తారు. మీరు రాసిన నాలుగు తరాల వచనంతోనే మొదలుపెట్టాం.

జమ్మికుంట బ్రదర్ | ఆదివారం, రాత్రి 10:05

నాకు కూడా లూకా 10లో ఒకటి కనబడింది అక్కా. యేసు పంపిన డెబ్బది మంది సంతోషంతో తిరిగి వచ్చారు. 21వ వచనంలో ఆ గడియలోనే యేసు కూడా ఆత్మలో బహుగా ఆనందించాడు. పంపినవాడికీ అదే గడియలో. మా యూత్ వచ్చే ఆదివారం హుజూరాబాద్ వృద్ధాశ్రమానికి పోతోంది. నేను మాట్లాడను, వెంట పోతాను.

పేరు వద్దు | ఆదివారం, రాత్రి 11:30

అక్కా, ఆ అమ్మాయికి మీరు అంతకుమించి ఏమీ రాయకపోవడం చదివి చాలాసేపు ఆగాను. మంచి పని చేశారు.

నేను ఈ నెలలో రెండు ఆదివారాలు వెళ్లాను, కాజీపేటలో ఒక చిన్న సంఘానికి. వెనక వరసలో కూర్చుని వచ్చేశాను.

కాజీపేట రైల్వే అంకుల్ | సోమవారం, ఉదయం 6:00

వెనక వరస మంచి చోటే బిడ్డా. ఎంతకాలమైనా కూర్చో.

హన్మకొండ అక్క | సోమవారం, ఉదయం 7:10

మిర్చి యార్డ్ అన్నా, నర్సింగ్ పిల్లలు ఎంజీఎం దగ్గర మీతో కలిసి వేడి నీళ్లు పోస్తామంటున్నారు. వాళ్లకు సోమవారం క్లాసులు పదింటికి. ఎన్ని గంటలకు రావాలి? నీళ్లు దేంట్లో తేవాలి?

మిర్చి యార్డ్ అన్న | సోమవారం, ఉదయం 7:40

ఆరింటికి గేటు దగ్గరికి వస్తే చాలక్కా, ఎనిమిదింటికి అయిపోతుంది. కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము కావాలి, మా పెద్దాయన వాడింది నా దగ్గర ఉన్నది, అది తెస్తా. పిల్లలను గ్లాసులు మాత్రం తెచ్చుకోమనండి.